‘చిన్న చిన్న’, ‘వేడి వేడి’ అన్నీ ఒకే బకెట్‌లో: 2 కోట్ల పదజంటలకు జావా మ్యాప్ ఎంపిక

పని పేరు చెబితే చిన్నదే. తెలుగు కీబోర్డులో ఒక పదం కొట్టగానే తర్వాతి పదాన్ని సూచించాలి. దానికి ఏ పదం పక్కన ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో ముందే లెక్కపెట్టి ఉంచుకోవాలి. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటాయి కాబట్టి ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి అన్నీ వేర్వేరు పదాలుగా లెక్కలోకి వస్తాయి. అందుకే పదాల పట్టిక త్వరగా ఉబ్బిపోతుంది. ఈ కేసుకు పెట్టుకున్న పరిమాణాలు ఇవి: 30 లక్షల వేర్వేరు పదరూపాలు, 2 కోట్ల వేర్వేరు పదజంటలు, ఆ జంటలు పాఠంలో కనబడేది మొత్తం 20 కోట్ల సార్లు. మెషీన్ మామూలుదే, హీప్ (జావా ప్రోగ్రామ్ తన ఆబ్జెక్టులు పెట్టుకునే మెమరీ) 2 జీబీ. కింద చెప్పిన బైట్లన్నీ 64 బిట్ల హాట్‌స్పాట్ జేవీఎంలో కంప్రెస్డ్ ఊప్స్‌తో (ఆబ్జెక్టుల చిరునామాలు 4 బైట్లలో), మామూలు 12 బైట్ల ఆబ్జెక్ట్ హెడర్‌తో వేసినవి. కాగితం మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఎంబీ అంటే ఇక్కడ 10 లక్షల బైట్లు.

కీ ఇస్తే దాని విలువ తిరిగిచ్చే పట్టికను మ్యాప్ అంటారు. ఇలాంటి పనిలో చాలామంది మొదట అడిగేది "ఏ మ్యాప్ వేగం?" అని. ఈ కేసులో ఆ ప్రశ్న రెండోది. కీ ఎలా ఉండాలో తేలకుండా మ్యాప్ మారిస్తే జబ్బు అలాగే ఉండి మందు మాత్రమే మారుతుంది.

పదానికి నంబరు

జంటను "పదం, ఖాళీ, పదం" అని ఒకే స్ట్రింగ్‌గా అతికించి హ్యాష్‌మ్యాప్‌లో వేయడం అందరికీ మొదట తట్టే దారి. హ్యాష్‌మ్యాప్ కీ నుంచి హ్యాష్ అనే సంఖ్య లెక్కగట్టి, టేబుల్‌లో ఏ స్లాట్‌లో, అంటే ఏ బకెట్‌లో వేయాలో తేలుస్తుంది; ఒకే బకెట్‌లో పడ్డవి నోడ్ల గొలుసుగా ఉంటాయి. దాని ఖర్చు చూద్దాం. స్ట్రింగ్ ఆబ్జెక్ట్ 24 బైట్లు. లోపలి బైట్ అర్రేకు 16 బైట్ల హెడర్, ఆపైన అక్షరాలు. జావా 9లో వచ్చిన కాంపాక్ట్ స్ట్రింగ్స్ వల్ల సగం మిగులుతుందని తెలుగు వాళ్లు సంబరపడనక్కర్లేదు, ఆ పొదుపు లాటిన్‌-1 అక్షరాలకే. తెలుగులో ప్రతి కోడ్ యూనిట్‌కు 2 బైట్లు పడతాయి. 8 యూనిట్ల పదాలు రెండు, మధ్య ఖాళీ కలిపి 17 యూనిట్లు, అంటే 34 బైట్లు. హెడర్ కలిపి 50, 8 గుణిజానికి సర్దితే 56. మ్యాప్ లోపలి నోడ్ మరో 32. జంటకు 112 బైట్ల చొప్పున 2 కోట్లకు 2,240 ఎంబీ. టేబుల్ ఇంకా కలపనే లేదు, 2 జీబీ హీప్ అప్పుడే దాటిపోయింది.

కాబట్టి పదానికి ఒక నంబరు, జంట అంటే రెండు నంబర్లు. పదం నుంచి నంబరుకు వెళ్లే మ్యాప్‌లో 30 లక్షల ఎంట్రీలే ఉంటాయి. 9 యూనిట్ల పదానికి స్ట్రింగ్, అర్రే కలిపి 64 బైట్లు, నోడ్ 32, నంబరు ఉన్న ఇంటిజర్ ఆబ్జెక్ట్ 16. మొత్తం 112 బైట్ల చొప్పున 336 ఎంబీ, టేబుల్‌కు 17 ఎంబీ. ఫాస్ట్‌యుటిల్ అనే బయటి లైబ్రరీలోని ఆబ్జెక్ట్‌-టు-ఇంట్ మ్యాప్‌కు మారితే నోడూ ఇంటిజరూ పోయి దాదాపు 226 ఎంబీకి దిగుతుంది. అయితే వేగం కూడా అదే పాళ్లలో పెరుగుతుందనుకోకూడదు. హ్యాష్‌మ్యాప్ ప్రతి నోడ్‌లో హ్యాష్‌ను దాచుకుంటుంది, పోల్చేటప్పుడు ముందు దాన్నే చూస్తుంది. ఫాస్ట్‌యుటిల్ దాచుకోదు. టేబుల్ పెరిగిన ప్రతిసారీ ఒక్కో స్ట్రింగ్ దగ్గరికి వెళ్లి హ్యాష్ అడగాలి. స్ట్రింగ్ కీలకు దాని లాభం జ్ఞాపకంలోనే ఎక్కువ. పదాల పట్టిక వరకు మామూలు హ్యాష్‌మ్యాప్ ఉంచినా తప్పేం లేదు.

తెలుగు స్ట్రింగుల హ్యాష్ గురించి ఒక పక్కమాట. జావా స్ట్రింగ్ హ్యాష్ ప్రతి అడుగులో 31తో గుణించి తర్వాతి యూనిట్‌ను కలుపుతుంది. యూనికోడ్‌లో ఘ అనేది గ తర్వాతి స్థానం. ఏత్వం గుర్తు న కన్నా సరిగ్గా 31 స్థానాలు పైన ఉంది. ఒక మెట్టు ఎక్కి, పక్కన 31 మెట్లు దిగితే లెక్క సమానం. అందుకే "గేము", "ఘనము" రెండింటికీ జావాలో హ్యాష్ ఒక్కటే. "కా", "ఖట" కూడా అంతే. ఇలాంటివి ఇంకా దొరుకుతాయి, కానీ దీనికి భయపడాల్సింది లేదు. హ్యాష్ ఒకటైనా ఈక్వల్స్ పోలిక మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది, అలాంటి జంటలు బకెట్‌కు ఒకటీ అరా మాత్రమే.

భయపడాల్సింది కంటికి ఒకేలా కనబడి కీగా వేరయ్యే పదాలకు. ఐత్వం గుర్తును ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. యూనికోడ్ చెప్పిన ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి నార్మలైజ్ చేస్తే అవి కలుస్తాయి. అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌-జాయినర్‌ను మాత్రం ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. పదం చివర అది మిగిలిపోతే "రాజ్" అనేది రెండు కీలవుతుంది. చివరివి ఎప్పుడూ కోసేయాలి. మధ్యలోవి "సాఫ్ట్‌వేర్" లాంటి పదాల్లో రూపాన్నే మారుస్తాయి కాబట్టి, కీలో తీసేసి చూపించాల్సిన రూపాన్ని వేరుగా దాచడం మేలు. ఇవన్నీ మ్యాప్‌లో వేయకముందే జరగాలి. తర్వాత కలపాలంటే జంటల లెక్క మొత్తం మళ్లీ చేయాలి.

నంబర్లు 1 నుంచి మొదలుపెట్టి 0ను ఖాళీకి వదిలేయండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

రెండు నంబర్లు, ఒక కీ

రెండు ఇంట్‌లు (32 బిట్ల సంఖ్యలు) ఉన్న రికార్డ్‌ను కీగా పెట్టడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఆబ్జెక్ట్ 24 బైట్లు. రికార్డ్ హ్యాష్ ఎలా వేయాలో జావా స్పెసిఫికేషన్ చెప్పదు. ఓపెన్‌జేడీకేలో నడుస్తున్నది మళ్లీ ఆ 31 పద్ధతే. మొదటి నంబరు 1 పెరిగి రెండోది 31 తగ్గితే హ్యాష్ ఒకటే, అంటే ఢీ. పైగా రికార్డ్ తనంతట తాను కంపేరబుల్ కాదు (రెండింటిలో ఏది ముందో చెప్పలేదు), ఈ చిక్కు కాసేపట్లో వస్తుంది.

రెండో దారి రెండు ఇంట్‌లను ఒక లాంగ్‌లో (64 బిట్ల సంఖ్యలో) సర్దడం: మొదటి నంబరు పై 32 బిట్లలో, రెండోది కింది 32 బిట్లలో. ఇక్కడ తొలి గుంట. మొదటి నంబరును లాంగ్‌గా మార్చకుండా ఇంట్‌గానే 32 బిట్లు ఎడమకు జరిపితే జావాలో అది కదలనే కదలదు. ఇంట్‌కు జరుపుడు సంఖ్యలోని చివరి 5 బిట్లే లెక్కలోకి వస్తాయి, 32లో ఆ 5 బిట్లూ సున్నాలే. కంపైలర్ ఏమీ అనదు, ప్రోగ్రామూ పడిపోదు. రెండు నంబర్లు ఒకదాని మీద ఒకటి పడి లెక్కలు తప్పుగా వస్తాయి, అంతే. ముందు లాంగ్‌గా మార్చి అప్పుడు జరపాలి. రెండో నంబరును కలిపేటప్పుడు పై 32 బిట్లు సున్నా అయ్యేలా మాస్క్ వేయడం అలవాటు చేసుకోవాలి.

ఈ లాంగ్‌ను హ్యాష్‌మ్యాప్‌లో కీగా వేస్తే జంటకు నోడ్ 32, లాంగ్ ఆబ్జెక్ట్ 24, మొత్తం 56 బైట్లు. వాల్యూకు ఇంటిజర్ 16 బైట్లు కలపాలనిపిస్తుంది కానీ, -128 నుంచి 127 వరకు ఇంటిజర్లు కాష్‌లోంచే వస్తాయి. పదజంటల్లో అత్యధికం ఒకటి రెండుసార్లే కనబడతాయి కాబట్టి ఇంటిజర్ల ఖర్చు దాదాపు లేనట్టే. టేబుల్ ఎప్పుడూ 2 ఘాతంలోనే ఉంటుంది: 2 కోట్లను లోడ్ ఫ్యాక్టర్ (టేబుల్ ఎంత నిండితే పెరగాలో చెప్పే హద్దు) 0.75తో భాగిస్తే 2.67 కోట్లు, దాని పై మెట్టు 3,35,54,432 స్లాట్లు, స్లాట్‌కు 4 బైట్ల చొప్పున 134 ఎంబీ. మొత్తం 1,254 ఎంబీ. 2 జీబీలో పడుతుంది. చాలామంది ఇక్కడ తృప్తిపడి ఆగిపోతారు. ప్రోగ్రామ్ మొదట చకచకా నడిచి, డేటా పెరిగేకొద్దీ నత్తనడకకు దిగుతుంది. జీసీని, అంటే పనికిరాని ఆబ్జెక్టులను ఏరివేసే గార్బేజ్ కలెక్టర్‌ను తిడతారు. తప్పు జీసీది కాదు.

ఎక్సార్ చేసిన పని

లాంగ్ హ్యాష్ అంటే పై 32 బిట్లనూ కింది 32 బిట్లనూ ఎక్సార్ చేయడం: బిట్లు వేరైన చోట 1, ఒకటే అయిన చోట 0. మన కీలో పైది మొదటి పదం, కిందిది రెండో పదం. అంటే హ్యాష్ = మొదటి నంబరు ఎక్సార్ రెండో నంబరు. దీంతో మూడు జరుగుతాయి.

ఒకటి, ద్విరుక్తాలు. "చిన్న చిన్న", "వేడి వేడి", "మెల్లగా మెల్లగా": రెండు నంబర్లూ ఒకటే, ఎక్సార్ సున్నా. వ్యాకరణం ఆమ్రేడితం అని పిలిచే ప్రతి రెండో పదమూ తన జంటను తీసుకెళ్లి సున్నా నంబరు బకెట్‌లోనే పడేస్తుంది. తెలుగులో ఇవి తక్కువేం కాదు. రెండు, తిరగేసిన జంటలు. "రాత్రి పగలు", "పగలు రాత్రి" ఒకే హ్యాష్. ఈ రెంటినీ ఓర్చుకోవచ్చు.

మూడోదే అసలు దెబ్బ. 30 లక్షల పదాలకు నంబర్లు 22 బిట్లలో ఇమిడిపోతాయి. రెండు 22 బిట్ల సంఖ్యల ఎక్సార్ 22 బిట్లు దాటదు. అంటే సాధ్యమైన హ్యాష్‌లు మొత్తం 41,94,304. హ్యాష్‌మ్యాప్ తన వంతుగా హ్యాష్ పైభాగాన్ని 16 బిట్లు కిందికి జరిపి మళ్లీ ఎక్సార్ చేస్తుంది, కానీ అది కింది 6 బిట్లను కలియబెట్టడం తప్ప 22 బిట్ల గీత దాటించలేదు. టేబుల్‌లో 3,35,54,432 స్లాట్లు ఉన్నా వాటిలో ఎనిమిదో వంతే ఎప్పటికైనా వాడకంలోకి వస్తుంది. మిగిలిన 2,93,60,128 స్లాట్లకు ఏ జన్మకీ ఎంట్రీ రాదు. వాడే స్లాట్‌కు సగటున దాదాపు 4.8 జంటలు. రీసైజ్ చేస్తే ఖాళీ స్లాట్లు పెరుగుతాయి తప్ప గొలుసు పొట్టిగా అవదు.

సగటు కూడా మభ్యపెట్టేదే. నంబర్లు పదం మొదట కనబడిన వరుసలో ఇస్తాం. ఈ, ఒక, ఆ, మరియు లాంటివి మొదటి పేజీల్లోనే వస్తాయి, చిన్న నంబర్లు వాటికే. 1,024 కంటే చిన్న నంబర్ల జంటలన్నీ 1,024 హ్యాష్‌లలోనే పడతాయి, సాధ్యమైన జంటలు మాత్రం 10 లక్షలకు పైనే. ఎక్కువగా అడిగే కీలు సరిగ్గా ఇక్కడే ఉన్నాయి.

జావా 8 నుంచి ఇలాంటి బకెట్‌ను హ్యాష్‌మ్యాప్ రెడ్‌-బ్లాక్ చెట్టుగా (కీలను క్రమంలో, సమతూకంగా ఉంచే నిర్మాణంగా) మారుస్తుంది: గొలుసు 8 దాటాలి, టేబుల్ కనీసం 64 స్లాట్లు ఉండాలి. లాంగ్ కంపేరబుల్ కాబట్టి చెట్టులో ఎటు వెళ్లాలో తెలుస్తుంది, పని లాగరిథమ్‌లో అయిపోతుంది. అందుకే ప్రోగ్రామ్ చచ్చిపోకుండా ఈడుస్తూ ఉంటుంది, జబ్బు బయటపడదు. రికార్డ్ కీ అయితే హ్యాష్ పూర్తిగా కలిసినప్పుడు చెట్టుకు దారి చూపేదేమీ ఉండదు, రెండు కొమ్మలూ వెతకాల్సిందే. చెట్టు ఊరికే రాదు కూడా: మామూలు నోడ్ 32 బైట్లయితే చెట్టు నోడ్ 56.

ఎలా పట్టుకోవాలి

దీనికి ప్రొఫైలర్ కూడా అక్కర్లేదు. నడుస్తున్న ప్రాసెస్ మీద జేడీకేతో వచ్చే జేసీఎండీ అనే టూల్‌తో క్లాస్ హిస్టోగ్రామ్ (ఏ రకం ఆబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో చెప్పే జాబితా) తీయండి. ఇది ఫుల్ జీసీ చేయిస్తుంది కాబట్టి జనం వాడుతున్న సర్వర్ మీద చూసి చేయాలి. జాబితాలో హ్యాష్‌మ్యాప్ ట్రీనోడ్ ఎన్ని ఉన్నాయో వెతకండి. హ్యాష్ సరిగ్గా చెదిరితే, ఒక బకెట్‌లో 8 నోడ్లు పడే సంభావ్యత 0.00000006 అని హ్యాష్‌మ్యాప్ సోర్స్ వ్యాఖ్యలోనే రాసి ఉంది. అంటే 2 కోట్ల ఎంట్రీల మ్యాప్‌లో చెట్లు ఒకటో అరో కనబడాలి. ట్రీనోడ్లు వేలల్లో, లక్షల్లో ఉంటే హ్యాష్ చెడ్డదని రుజువు దొరికినట్టే. లోడ్ ఫ్యాక్టర్ జోలికి వెళ్లకుండా ముందు కీ చూడండి.

బయటి లైబ్రరీ చేర్చుకునే వీలు లేకపోతే మందు ఒక గుణకారమే. సర్దిన లాంగ్‌ను 64 బిట్ల బేసి సంఖ్య ఒకదానితో గుణించి, ఆ ఫలితాన్నే కీగా దాచండి. గోల్డెన్ రేషియో నుంచి తీసి జావా స్ప్లిటబుల్ ర్యాండమ్‌లో వాడిన సంఖ్య సరిపోతుంది. బేసి సంఖ్యతో 64 బిట్ల గుణకారం ఒకటికి ఒకటి సంబంధం, రెండు కీలు కలిసిపోవు. దాని మాడ్యులర్ విలోమంతో గుణిస్తే పాత కీ తిరిగి వస్తుంది. ఇప్పుడు పై సగంలో రెండు పదాల ప్రభావమూ ఉంటుంది, ఎక్సార్ సున్నా కాదు, 22 బిట్ల గోడ లేదు. బైట్ల ఖర్చు ఏమీ పెరగదు. ఈ ఒక్క మార్పు చేయకుండా మ్యాప్‌లను పోల్చడం వృథా.

ప్రిమిటివ్ మ్యాప్‌కు మారితే

కీ సరిదిద్దాక కూడా హ్యాష్‌మ్యాప్‌కు రెండు భారాలు మిగులుతాయి. ప్రతి రాకకూ, అంటే 20 కోట్ల సార్లు, కీని లాంగ్ ఆబ్జెక్ట్‌గా చుట్టాలి. ఎస్కేప్ అనాలిసిస్ (అక్కర్లేని ఆబ్జెక్టును సృష్టించకుండా తప్పించే జేవీఎం ఆప్టిమైజేషన్) దాన్ని ప్రతిసారీ తీసేస్తుందని నమ్మకం పెట్టుకోలేం. ఒక్క వెతుకులాటకు స్లాట్, నోడ్, కీ ఆబ్జెక్ట్, వాల్యూ ఆబ్జెక్ట్ అని నాలుగు చోట్లకు వెళ్లాలి, ఒక చోటు చూశాకే తర్వాతి చోటు తెలుస్తుంది. ఇంత పెద్ద డేటా ప్రాసెసర్ కాష్‌లో పట్టదు కాబట్టి ప్రతి అడుగూ మెయిన్ మెమరీ దాకా పోవచ్చు.

ఫాస్ట్‌యుటిల్‌లోని లాంగ్‌-టు-ఇంట్ ఓపెన్ హ్యాష్‌మ్యాప్ ప్రిమిటివ్ మ్యాప్, అంటే ఆబ్జెక్టులు లేకుండా ఉత్త సంఖ్యలనే దాచేది. అది రెండు అర్రేలతో నడుస్తుంది: కీలకు లాంగ్ అర్రే, లెక్కలకు ఇంట్ అర్రే. స్లాట్ ఖాళీ లేకపోతే పక్క స్లాట్, అదే లీనియర్ ప్రోబింగ్. స్లాట్‌కు 12 బైట్లు, 3,35,54,432 స్లాట్లకు 403 ఎంబీ. హ్యాష్‌మ్యాప్ 1,254 ఎంబీలో మూడో వంతు కన్నా తక్కువ. కీని గోల్డెన్ రేషియో గుణకారంతో అదే కలియబెట్టుకుంటుంది కాబట్టి పైన చెప్పిన మందు ఇక్కడ వేరే వేయక్కర్లేదు. పూర్తి జార్ (లైబ్రరీ ఫైలు) చాలా పెద్దది. లాంగ్, ఇంట్, డబుల్, ఆబ్జెక్ట్ రకాలకు కోర్ జార్ చాలు.

వాడేటప్పుడు మూడు చోట్ల జారిపడతారు. వేరియబుల్‌ను మామూలు మ్యాప్ ఇంటర్‌ఫేస్ రకంతో ప్రకటిస్తే ఆబ్జెక్టుల చుట్టడం దొడ్డిదారిన మళ్లీ వస్తుంది, లైబ్రరీ రకంతోనే ప్రకటించాలి. లెక్క పెంచడానికి గెట్, పుట్ అని రెండుసార్లు వెతక్కుండా యాడ్‌టూ పిలవాలి. లేని కీ అడిగితే 0 వస్తుంది. మన లెక్కలు 1 నుంచే మొదలవుతాయి కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. 0 కూడా సరైన విలువ అయ్యే చోట డిఫాల్ట్ రిటర్న్ విలువ మార్చుకోవాలి. సొంతంగా ఇలాంటి మ్యాప్ రాసుకునే వాళ్లకు 0 కీనే ఖాళీ గుర్తు. నంబర్లు 1 నుంచి మొదలుపెట్టమన్నది అందుకే. ఫాస్ట్‌యుటిల్ అయితే 0 కీని చివర ఒక అదనపు స్లాట్‌లో విడిగా చూసుకుంటుంది.

తిప్పినా కదలని మీట

లోడ్ ఫ్యాక్టర్ గురించి జరిగే చర్చ దాని విలువ కన్నా ఎక్కువ. టేబుల్ 2 ఘాతాల్లోనే పెరుగుతుంది. 2 కోట్ల ఎంట్రీలకు 1,67,77,216 స్లాట్లు చాలవు, తర్వాతి మెట్టు 3,35,54,432. నిండుదనం 0.596. లోడ్ ఫ్యాక్టర్ 0.6 పెట్టినా, 0.75 పెట్టినా, 0.9 పెట్టినా ఈ కేసులో అదే టేబుల్, అదే వేగం. 0.5కు దించితే మాత్రం 6,71,08,864 స్లాట్లు, 805 ఎంబీ, నిండుదనం 0.298.

ఆ ధర పెట్టాలా? లీనియర్ ప్రోబింగ్‌కు తెలిసిన సూత్రాలు ఉన్నాయి. నిండుదనం 0.6 అయితే టేబుల్‌లో ఉన్న కీ వెతకడానికి సగటున 1.75 స్లాట్లు, లేని కీకి 3.6. నిండుదనం 0.75 అయితే 2.5, 8.5. అదే 0.9 అయితే 5.5, 50.5. ఒక 64 బైట్ల కాష్ లైన్‌లో 8 కీలు పడతాయి, కాబట్టి 3.6 స్లాట్లు అంటే మామూలుగా ఒకటి రెండు లైన్లే. 0.6 నుంచి 0.3కు దిగడానికి 400 ఎంబీ ఖర్చు పెట్టడం ఇక్కడ దండగ. 0.9 మాత్రం ప్రమాదం: ఎంట్రీలు 3 కోట్లకు చేరినా టేబుల్ పెరగదు, కొత్త జంట వచ్చిన ప్రతిసారీ 50 స్లాట్లు నడవాలి. మన పనిలో 20 కోట్ల రాకల్లో 2 కోట్లు కొత్త జంటలే.

ముందే సైజు చెప్పడం

మ్యాప్ పెరిగే క్షణంలో పాతదీ కొత్తదీ రెండూ బతికి ఉంటాయి. 1,25,82,912 ఎంట్రీల దగ్గర 201 ఎంబీ, 403 ఎంబీ కలిసి 604. అదే జంటలు అంచనా దాటి 2,51,65,824కు చేరితే 403, 805 కలిసి 1,208 ఎంబీ. హీప్ 2 జీబీ అయితే, పదాల పట్టిక 353 ఎంబీ ఉండగా ఇది ఇరుకే. 2 జీబీ కంటైనర్‌లో హీప్ ఎంతో చెప్పకుండా వదిలేస్తే జేవీఎం నాలుగో వంతే, 512 ఎంబీ చుట్టూ తీసుకుంటుంది. అందులో ఈ పని జరగదు.

కన్‌స్ట్రక్టర్‌లో అంచనా ఇవ్వడమే దారి. కానీ ఇద్దరి భాష వేరు. ఫాస్ట్‌యుటిల్‌కు ఇచ్చేది ఎంట్రీల సంఖ్య, లోడ్ ఫ్యాక్టర్ లెక్క అదే వేసుకుంటుంది. హ్యాష్‌మ్యాప్ కన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చేది స్లాట్ల సంఖ్య. ఒకవేళ పదాలు 32 లక్షలై, 32 లక్షలు అని ఇస్తే 41,94,304 స్లాట్లు వస్తాయి, హద్దు 31,45,728. చివరి 54 వేల పదాల కోసం టేబుల్ మొత్తం రెట్టింపవుతుంది. జావా 19లో వచ్చిన న్యూ హ్యాష్‌మ్యాప్ అనే స్టాటిక్ మెథడ్ ఎంట్రీల సంఖ్యే తీసుకుంటుంది, వీలుంటే దాన్నే వాడండి.

పెద్ద అర్రేలకు జీ1 అనే గార్బేజ్ కలెక్టర్‌తో మరో చిక్కు. 2 జీబీ హీప్‌లో అది హీప్‌ను 1 మెబీబైట్ (10,48,576 బైట్ల) రీజియన్లుగా విడగొట్టుకుంటుంది. కీల అర్రే 256 మెబీబైట్లు, హెడర్‌తో కలిపి పక్కపక్కన 257 ఖాళీ రీజియన్లు దొరకాలి. హీప్ ముక్కలై ఉంటే మొత్తం మీద చోటున్నా వరుసగా దొరక్క ఫుల్ జీసీకి దిగుతుంది. మొదట్లోనే, హీప్ ఖాళీగా ఉన్నప్పుడే అర్రే తీసుకుంటే సగం గొడవ పోతుంది. రాత్రిపూట నడిచి ముగిసే బ్యాచ్ పనికి ప్యారలల్ జీసీ పెట్టడం సులువు, ఆగిన మిల్లీసెకన్లు ఎవరికీ పట్టవు.

లినక్స్ మీద మెమరీని పెద్ద పేజీలుగా ఇచ్చే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ ఆప్షన్ కూడా ఆన్ చేసి కొలవండి. 4 కేబీ పేజీలతో 403 ఎంబీ అంటే 98,304 పేజీలు, 2 మెబీబైట్ల పేజీలతో 192. యాదృచ్ఛికంగా దూకే హ్యాష్ టేబుల్‌కు టీఎల్‌బీ (పేజీల చిరునామాలు దాచే ప్రాసెసర్ కాష్) మిస్‌లు తగ్గడం నేరుగా కలిసొస్తుంది.

నాలుగు థ్రెడ్లు పెడితే

పలు థ్రెడ్లు ఒకేసారి వాడగల కాన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్‌లో మెర్జ్ పిలవడం తప్పు ఫలితం ఇవ్వదు, కానీ బకెట్ మీద తాళం వేస్తుంది. తరచుగా వచ్చే జంటల దగ్గర థ్రెడ్లన్నీ క్యూ కడతాయి. పైగా ఆబ్జెక్టుల భారమంతా తిరిగొస్తుంది.

థ్రెడ్‌కు ఒక మ్యాప్ పెట్టి చివర కలపడం మంచి దారే, కానీ కలపడంలో ఒక గుంట ఉంది. మూల మ్యాప్‌ను స్లాట్ల వరుసలో చదువుతూ, చిన్నగా మొదలై పెరిగే మరో మ్యాప్‌లో వేస్తే, రెండింటి హ్యాష్ ఒకటే కాబట్టి ఎంట్రీలు కూడా వరుసగానే వచ్చి పడతాయి. టేబుల్ ఒక చుట్టు తిరిగాక ఒక భాగం పూర్తిగా నిండి పొంగుతుంది, మిగతా భాగం ఇంకా పలుచగానే ఉంటుంది. మొత్తం నిండుదనం 0.75 దాటకపోయినా అక్కడ వేల స్లాట్ల గడ్డ కడుతుంది. సెకన్లలో అవ్వాల్సిన కలపడం నిమిషాలు పడుతుంటే కారణం ఇదే. పుట్‌ఆల్ అయితే ముందే సైజు చూసుకుంటుంది, కానీ అది లెక్కలను కలపదు, పాతదాని మీద రాసేస్తుంది. కాబట్టి యాడ్‌టూతో లూప్ రాయక తప్పదు, ఆ లూప్‌కు ముందు గమ్యం మ్యాప్‌ను పూర్తి సైజుతో తయారుచేయక తప్పదు.

అసలు కలపడమే లేకుండా చేయడం ఇంకా మేలు. కీని గుణించి, పై 2 బిట్లు చూసి నాలుగు భాగాలు చేయండి. ఒక్కో భాగం ఒక్కో థ్రెడ్ సొంతం. జంటలను విడివిడిగా కాకుండా 4,096 చొప్పున లాంగ్ అర్రేల్లో నింపి క్యూలో పంపితే క్యూ ఖర్చు లెక్కలోకి రాదు. ఒక్కో మ్యాప్‌కు 50 లక్షల జంటలు, 83,88,608 స్లాట్లు, 101 ఎంబీ. నాలుగూ కలిపి మళ్లీ అదే 403. భాగం తేల్చడానికి పై బిట్లే ఎందుకంటే, మ్యాప్ తన స్లాట్‌ను కింది బిట్లతో తేలుస్తుంది. మ్యాప్ వాడే హ్యాష్‌లోని కింది 2 బిట్లతోనే భాగాలు చేస్తే ఒక్కో మ్యాప్‌లో నాలుగో వంతు స్లాట్లే వాడకంలోకి వస్తాయి. ఎక్సార్ దగ్గర చూసిన కథే ఇది, వేరే వేషంలో.

కొలిచేటప్పుడు

జేఎంహెచ్ అనే జావా బెంచ్‌మార్క్ టూల్‌తో కొలవండి, కానీ 0, 1, 2 అని వరుస కీలతో కాదు. వరుస లాంగ్ కీలు హ్యాష్‌మ్యాప్‌లో ఒక్క ఢీ కూడా లేకుండా దాదాపు వరుసగా కూర్చుంటాయి, ఆబ్జెక్టులూ మెమరీలో పక్కపక్కనే ఉంటాయి. అంతకంటే మంచి రోజు దానికి ఉండదు. నిజమైన పాఠంలోంచి తీసిన కీలను, వచ్చిన వరుసలోనే ఫైల్లో దాచి వాడండి. వెయ్యి ఎంట్రీల మ్యాప్ మీద వచ్చిన అంకెలు 2 కోట్లకు ఏమీ చెప్పవు, ఎందుకంటే ఆ చిన్న మ్యాప్ పూర్తిగా కాష్‌లోనే ఉంటుంది. సమయంతో పాటు జీసీ ప్రొఫైలర్ పెట్టి ఒక్కో పిలుపుకు ఎన్ని బైట్లు పుడుతున్నాయో చూడండి. ప్రిమిటివ్ మ్యాప్‌లో అది సున్నాకు దగ్గరగా లేకపోతే ఎక్కడో ఆబ్జెక్ట్ చుట్టడం జరుగుతున్నట్టు. ఆబ్జెక్టుల సైజు కొలవడానికి జేఓఎల్ అనే టూల్ ఉంది, దాన్ని లక్ష ఎంట్రీల నమూనా మీద నడపండి. 2 కోట్ల మీద నడిపితే అదే పెద్ద ప్రోగ్రామ్ అయి కూర్చుంటుంది.

జావా 25లో కాంపాక్ట్ ఆబ్జెక్ట్ హెడర్స్ ఆన్ చేస్తే హెడర్ 12 నుంచి 8 బైట్లకు దిగుతుంది: నోడ్ 24, లాంగ్ 16. హ్యాష్‌మ్యాప్ జంటకు 56కు బదులు 40 బైట్లు. కోడ్ ముట్టుకోకుండా 320 ఎంబీ మిగిలినట్టే. ప్రిమిటివ్ మ్యాప్‌ను అందుకోవడానికి మాత్రం అది చాలదు.

కీబోర్డుకు మ్యాప్ వెళ్లదు

లెక్క అయిపోయాక పని స్వభావం మారుతుంది. కొత్త జంటలు రావు. అడిగే ప్రశ్న కూడా "ఈ జంట ఎన్నిసార్లు?" అని కాదు, "ఈ పదం తర్వాత ఏవి?" అని. హ్యాష్ టేబుల్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, మొత్తం తిరగాల్సి వస్తుంది.

అందుకే మ్యాప్‌లోంచి కీలనూ లెక్కలనూ బయటికి తీసి కీ ప్రకారం సార్ట్ చేయాలి. గుణించిన కీ దాచి ఉంటే ముందు విలోమంతో విప్పాలి, మరిచిపోతే సార్ట్ అర్థం లేనిదవుతుంది. మొదటి పదం పై 32 బిట్లలో ఉంది కాబట్టి సార్ట్ కాగానే ఒక్కో పదం తాలూకు జంటలన్నీ పక్కపక్కకు చేరతాయి. ఇప్పుడు మూడు ఇంట్ అర్రేలు చాలు: ఒక్కో మొదటి పదం గుంపు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది 12 ఎంబీ, రెండో పదాల నంబర్లు 80 ఎంబీ, లెక్కలు 80 ఎంబీ. మొత్తం 172. ఖాళీ స్లాట్లు లేవు, హ్యాష్ లేదు. ఒక పదానికి సూచనలు కావాలంటే మొదటి అర్రేలో పక్కపక్క రెండు అంకెలు చదివి ఆ మధ్య భాగాన్ని వరుసగా చూడటమే. గుంపు లోపల లెక్కల అవరోహణ క్రమంలో పేర్చి, ఒకేసారి కనబడిన జంటలను కోసేసి, పదానికి పై 8 మాత్రమే ఉంచితే ఫోన్‌లో పట్టే సైజుకు దిగుతుంది. అప్పుడు లెక్కల అర్రే కూడా తీసేయొచ్చు, వరుసే క్రమాన్ని చెబుతుంది.